రోజమ్మ కడిగేసిన నాచు

అదే కదా, మీరే చెప్పండి, సముద్రంలోంచి వచ్చినదాన్ని కడక్కుండా ఎవరైనా పొయ్యి దాకా తీసుకెళ్తారా? ఎండుచేప తెస్తే ఏం చేస్తాం, మూడు నీళ్ళు పోసి కడుగుతాం. ఇసక ఉంటుంది, ఉప్పు ఉంటుంది, ఎవరి చేతులు పడ్డాయో తెలియదు. రొయ్యపొట్టు అయినా అంతే. భీమిలి దగ్గర రేవులో పుట్టిన మనిషికి అది ఒకరు నేర్పాల్సిన పని కాదు. రోజమ్మ చేసిందీ అదే. శుక్రవారం తెల్లవారుతూనే ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్ళు పట్టి, యాభై నాచు అట్టలూ అందులో వేసింది. వేసి పళ్ళు తోముకోవడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి టబ్బులో అట్ట అన్నది ఒక్కటి లేదు. నల్లటి నీళ్ళు, అందులో తోటకూర ఉడికి ముద్దయినట్టు ముదురాకుపచ్చగా ఏదో తేలుతోంది.

ఆవిడ చెయ్యి పెట్టి ఒకటి పైకి తియ్యబోయింది. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

దాంతో తడి గచ్చు మీద అలాగే కూలబడింది. ఎందుకు కూలబడిందో తెలియాలంటే ఆ నాచు ఎవరిదో ముందు తెలియాలి.

రోజమ్మకి యాభై ఎనిమిదేళ్ళు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఎలీయాజరుని పెళ్ళాడి కలకత్తా వచ్చింది. ఆయన ఖిదిర్‌పూర్ ఓడల డాకులో ఖలాసీ. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. చెల్లెలి కొడుకు ఫెలిక్స్ పోర్టులో క్రేను నడుపుతాడు, వాట్‌గంజ్‌లో ఆవిడ దగ్గరే ఉంటాడు. రోజమ్మ పగలు భవానీపూర్‌లో వంటకి వెళ్తుంది. ఇంటికొచ్చాక, సెలవు రోజుల్లోనూ వడియాలు పెడుతుంది. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు. ఊళ్ళో మన తెలుగువాళ్ళలో చాలామంది ఇళ్ళకి ఆవిడ డబ్బాలు వెళ్తాయి, ప్రార్థనా మందిరంలో ఆడవాళ్ళయితే వేసవి రాకముందే చెప్పి ఉంచుతారు.

ఆవిడకి ఒక పద్ధతి ఉంది. ఎండిన వడియాన్ని స్టీలు పళ్ళెంలో వేసి చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. గలగలమంటే సరే. కాస్త బొంగురుగా పలికిందా, ఎంత ఎండినట్టు కనిపించినా ఇవ్వదు. "ఇంకొక్కెండ కావాల" అంటుంది. పక్కింట్లో పెళ్ళి ఉన్నా, ఇవాళే రైలెక్కుతున్నామన్నా అదే మాట. అందుకే ఆ మేడ మీద ఆవిడకి ఒక్కెండ రోజమ్మ అని పేరు.

భవానీపూర్‌లో ముందు భానుమూర్తి గారని బ్యాంకు ఆఫీసరు ఇంట్లో చేసేది. వాళ్ళకి బదిలీ అయ్యాక అదే భవనంలో తొమ్మిదో అంతస్తులో ఉండే కొరియా వాళ్ళు పెట్టుకున్నారు. సూజిన్ మేడమ్‌కి హిందీ కొంచెం కొంచెం వచ్చు, రోజమ్మకీ అంతే, రెండు కొంచెంలూ కలిపి నాలుగేళ్ళుగా ఇల్లు నడిచిపోతోంది. వాళ్ళూ ప్రార్థన చేసుకునే మనుషులే కాబట్టి రోజమ్మకి ఆ ఇల్లు కొత్తగా అనిపించలేదు.

ఈ వేసవిలో మేడమ్ వాళ్ళమ్మ వచ్చింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, కుడి మణికట్టు విరిగి అతుక్కుంది గాని వేళ్ళు వణుకుతాయి. ఆవిడకి కొరియా భాష తప్ప ఇంకోటి రాదు. అయినా వచ్చిన మూడోరోజే వంటింట్లో రోజమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. వాళ్ళ దేశంలో బుగాక్ అని చేస్తారట. పచ్చిమిరపకాయలు, బంగాళాదుంప చక్రాలు కడిగి, బంకబియ్యం జావ పూసి, ఎండబెట్టి, నూనెలో వేయిస్తారు. రోజమ్మకి నవ్వొచ్చింది. ఇదేముంది, మన వడియమే, కోటు తొడుక్కుని వచ్చింది అంతే. బియ్యాన్ని వారం రోజులు నానబెట్టి పులియబెడితే వచ్చిన వాసన అచ్చం తరవాణి వాసన. పెద్దావిడ చూపించింది, రోజమ్మ చేసింది. మొదటిసారే మిరపకాయలు పొంగి కరకరలాడాయి. పెద్దావిడ రోజమ్మ చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

అప్పుడే గురువారం సాయంత్రం, ఆవిడ తన పెట్టెలో బట్టల మడతల మధ్యనుంచి ఒక కాగితం పొట్లం తీసింది. లోపల నల్లగా, కాగితం అంత పలచగా, యాభై నాచు అట్టలు. మేడమ్ మెల్లగా చెప్పింది. వాళ్ళ నాన్న పోయి మూడేళ్ళు, ఆదివారం సాయంత్రం ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. ఆయనకి నాచు బుగాక్ అంటే ప్రాణం. పిన్నిగారు, అంటే పెద్దావిడ చెల్లెలు, ప్రతి చలికాలం తన ఊరి తీరంలో నాచు తీసి ఆయన కోసం పంపేది, ఆయన పోయాక కూడా మానలేదు. ఆ పిన్నిగారు ఈ జనవరిలో పోయింది. ఇదే చివరి పొట్లం. సోమవారం రాత్రి పెద్దావిడ విమానం.

తొమ్మిదో అంతస్తులో ఎండబెట్టే చోటు లేదు, బాల్కనీ నిండా పావురాలు. నేను ఇంటికి పట్టుకెళ్తాను, మా మేడ మీద రెండు రోజుల ఎండ చాలు, నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే అని రోజమ్మే అంది. ఎవరూ అడగకముందే అంది. ఎలా చెయ్యాలని అడిగితే, బంగాళాదుంపలకి చేసినట్టే అని మేడమ్ చెప్పింది. బంగాళాదుంపల్ని ముందు కడిగారు కదా.

అదీ సంగతి. ఇప్పుడు ఆ చివరి పొట్లం టబ్బులో ముద్దయి తేలుతోంది.

డ్యూటీకి తయారై వచ్చిన ఫెలిక్స్ గుమ్మంలో ఆగాడు.

"ఏటైంది దొడ్డమ్మా, అలా కూకున్నావు?"

"కడిగీసేన్రా."

"కడిగితే ఏటవుద్ది, ఆరబెట్టు."

ఆవిడ టబ్బు వైపు చెయ్యి చూపించింది. ఫెలిక్స్ వంగి చూశాడు.  తర్వాత ఫోన్ తీసి వెతికి చూపించాడు. పెద్ద మాల్‌లో ఇలాంటి అట్టలే అమ్ముతారు, జపాన్ వాళ్ళ వంటకి వాడతారట. సాయంత్రం వస్తూ తెచ్చేస్తానన్నాడు.

"నల్లగా ఇదీ ఉంటాది, అదీ ఉంటాది. పూత ఏసి ఏపీసేక ఎవలికి తెలస్తాది? నువ్వు నోరిప్పకు, అంతే."

రోజమ్మ వద్దనలేదు. అదే నిజం. తల ఊపింది, వాడు వెళ్ళిపోయాడు.

తర్వాత ఆవిడ టబ్బుని మోరీ దగ్గరికి ఈడ్చింది. ఆ నీళ్ళు పారబోసేస్తే ఆనవాలు లేకుండా పోతుంది. టబ్బు అంచు పట్టుకుని వంచబోతూ తన ముంజేతిని చూసుకుంది. ఇందాక నీళ్ళలో పెట్టినప్పుడు అంటుకున్న నాచు, ఫ్యాను గాలికి ఆరి, చర్మం మీద పలచగా పొరకట్టింది. గోటితో గీకింది. పొడి కాలేదు. రేకులా లేచింది, చిన్న ఆకంత.

ఆవిడ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మామిడి తాండ్ర చాప మీద పొరలు పొరలుగా పోసేది. రసం పోస్తే రేకు. మరి ఇది? ఈ అట్టని కూడా ఎవరో ఎప్పుడో నీళ్ళలోంచే తీసి పోసి ఉంటారు కదా. చెట్టుకి అట్టలు కాయవు, సముద్రంలోనూ కాయవు.

టబ్బుని తిన్నగా నిలబెట్టింది. చుక్క నీరు కూడా పారబొయ్యలేదు.

భవానీపూర్‌కి ఫోన్ చేసి, ఈ రెండు రోజులూ ఎండ పనిలో ఉంటాను, రాను అని చెప్పింది. మేడమ్ సరే అంది, అంతా బాగుందా అని అడిగింది. రోజమ్మ అచ్ఛా హై అంది. అన్నాక చాలాసేపు ఫోన్ వైపే చూసింది.

దోమతెర కత్తిరించి, నవారు తీసేసిన మంచం చట్రానికి బిగించి కట్టింది. ఫెలిక్స్ బడికెళ్ళేటప్పటి పలక ఒకటి అటక మీద ఉండేది. దాని రాయి ఎప్పుడో పగిలిపోయింది, చెక్క చట్రం మాత్రం మిగిలింది. ఆ చట్రాన్ని దోమతెర మీద పెట్టి, గరిటెతో నాచునీళ్ళు పోసి, వేళ్ళతో సమంగా పరిచి, నీరు కిందికి జారాక చట్రం ఎత్తింది. నల్లటి నలుచదరం ఒకటి మిగిలింది. పక్కన ఇంకోటి పోసింది. మొదటివి చిరుగులు పడ్డాయి, తర్వాతవి దళసరి అయ్యాయి. ఎనిమిదోదో తొమ్మిదోదో పోసేసరికి చెయ్యి కుదిరింది.

పై వాటాలో ఉండే రమాకుమారి బట్టలు ఆరెయ్యడానికి మేడెక్కింది. పోర్టు ఆఫీసులో గుమాస్తా గోవిందరాజు భార్య. మేడ మీద తాడు ఎవరిది, నీడ ఎవరిది అని ఇద్దరికీ పదేళ్ళుగా పేచీ.

"ఏటి రోజమ్మా, మేడకి తారు పోయిస్తన్నావేటి?"

రోజమ్మ తలెత్తలేదు. రమాకుమారి దగ్గరికొచ్చి ముక్కు మూసుకుంది. డాకు కాలవంతా ఇక్కడికే తెచ్చినట్టు ఉందంది. అయినా ఆ నల్లటి చదరాల వరసల్నీ, వంగి పని చేస్తున్న మనిషి ముఖాన్నీ చూశాక ఇంకేమీ అడక్కుండా తన తడి దుప్పట్లు అవతలి తాడుకి మార్చుకుంది. ఎండ పూర్తిగా మంచం మీద పడింది.

మధ్యాహ్నానికి అంచులు ఎండి లేవడం మొదలైంది. మూడింటికి మధ్యలు ఇంకా తడి. మూడున్నరకి గాలి ఆగిపోయింది. గద్దలు కిందికి దిగాయి. పడమర, నది అవతల, ఆకాశం సిరా ఒలికినట్టు నల్లబడింది. వైశాఖంలో కలకత్తాలో ఉన్నవాళ్ళకి అదేమిటో చెప్పక్కర్లేదు. బెంగాలీవాళ్ళు కాలబైశాఖి అంటారు, పావుగంటలో వస్తుంది, వచ్చిందంటే రేకులు కూడా ఎగిరిపోతాయి.

రోజమ్మ మంచం ఒక పక్క ఎత్తింది. రెండో పక్క ఎవరూ లేరు. ఫెలిక్స్ డ్యూటీలో ఉన్నాడు. ఒక పక్కే ఈడిస్తే దోమతెర ఊగి రేకులు జారుతున్నాయి. ఎవరైనా రమ్మని కిందికి కేకేసింది. మొదటి దుమ్ము గాలి ముఖానికి కొట్టింది. రెండు రేకులు లేచి పిట్టగోడ దాటి వెళ్ళిపోయాయి. ఆవిడ పమిట తీసి మిగిలినవాటి మీద కప్పి, దాని మీద రెండు చేతులూ చాచి పడుకున్నట్టు వంగింది.

మెట్ల మీద చప్పుడైంది. రమాకుమారి వచ్చి రెండో కొస పట్టుకుంది.

"పమిట తర్వాత సర్దుకుందూగాని, నడు. పెళ్ళికూతుర్ని మోసినట్టు మొయ్యాలేటి దీన్ని?"

ఇద్దరూ అడుగడుగూ వెనక్కి వేసుకుంటూ మెట్లు దిగారు. వాళ్ళు రమాకుమారి ముందుగదిలో మంచం దించేసరికి పైన వడగళ్ళు పడుతున్నాయి. ఆ రాత్రంతా మంచం వాళ్ళ గదిలోనే ఉంది, గోవిందరాజు దాని చుట్టూ తిరిగి వెళ్ళి పడుకున్నాడు.

ఫెలిక్స్ ఆ సాయంత్రం పది అట్టలున్న మాల్ పొట్లం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. కత్తిరించిన కాగితాల్లా తిన్నగా, నిగనిగలాడుతూ ఉన్నాయి అట్టలు. రోజమ్మ రేకులు వాటి పక్కన కుట్టులేని గుడ్డపేలికల్లా ఉన్నాయి. కొన్నిటికి చిల్లులు, అన్నిటికీ దోమతెర అచ్చు.

శనివారం, భవానీపూర్ నుంచి తెచ్చుకున్న పులిసిన బియ్యం రుబ్బి, జావ కాచి, పెద్దావిడ ఇచ్చిన కుంచెతో ఒక్కో రేకుకీ పూత పెట్టి, మూడు వేళ్ళతో నువ్వులు చల్లింది. చేతిలో పనుంది కదా అని మాల్ అట్టలకి కూడా పెట్టేసింది. అవి మధ్యాహ్నానికే గలగలమన్నాయి. తన రేకులు మాత్రం సాయంత్రానికి కూడా బొంగురుగానే పలికాయి. ఆదివారం పొద్దున్న మబ్బు. రోజమ్మ మందిరానికి వెళ్ళలేదు. జ్వరం వచ్చినా మానని మనిషి, మేడ మీద కూర్చుని ఆకాశం చూసింది. పదకొండింటికి కాస్త ఎండ వచ్చి, ఒంటిగంటకి పోయింది. పళ్ళెంలో వేసి వింది. ఇంకొక్కెండ కావాలి. ఇంకో ఎండ లేదు.

మూడింటికి రెండు దొంతర్లనీ వేర్వేరు డబ్బాల్లో పెట్టుకుని బస్సెక్కింది.

భవానీపూర్ ఇంట్లో ముందుగదిలో కుర్చీలు వేసి ఉన్నాయి. పెద్దాయన ఫొటో, పక్కన తెల్లపూలు. కొరియావాళ్ళు ఎనిమిది మంది వస్తున్నారని, అయిదింటికి ప్రార్థన అని మేడమ్ చెప్పి, పూలు సర్దడానికి వెళ్ళింది. రోజమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి, మూకుడు పెట్టి, రెండు డబ్బాలూ తెరిచింది.

నూనె కాగింది. ముందు తన రేకులోంచి ఒక ముక్క తుంచి వేసింది. చుర్రుమని నురగ వచ్చింది గాని పొంగలేదు. తీసి కొరికితే తోలు ముక్క. దళసరిగా ఉన్నచోట తడి ఇంకా ఉంది. మాల్ అట్టల్లోంచి ఒకటి వేసింది. మూడు సెకన్లలో జావంతా తెల్లగా మల్లెమొగ్గల్లా విచ్చుకుంది. తీసి పళ్ళెంలో పెడితే ఎంత అందంగా ఉందో. నాలుగున్నర అయింది.

ఆ పది అట్టలూ వేయించేస్తే చాలు. ఎనిమిది మందికి సరిపోతాయి. అందరూ మెచ్చుకుంటారు, సోమవారం పెద్దావిడ విమానం ఎక్కుతుంది, ఈ సంగతి ఎక్కడా ఉండదు. రోజమ్మ రెండో అట్ట చేతిలోకి తీసుకుంది.

మళ్ళీ పెట్టేసింది. పెనం బోర్లించి సన్నసెగ మీద పెట్టి, తన రేకుల్లో పలచనివి ఏరి, ఒక్కొక్కటీ దాని మీద పరిచి అరచేత్తో ఒత్తింది. వేళ్ళు కాలాయి. అలా నాలుగు వెచ్చబెట్టి, అయిదోది పరుస్తుంటే తలుపు తెరుచుకుంది. పెద్దావిడ.

ఆవిడ గట్టు మీద రెండు డబ్బాలనీ చూసింది. పళ్ళెంలో ఉన్న అందమైనదాన్ని చూసింది. తర్వాత రోజమ్మ రేకు ఒకటి తీసి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంది. దోమతెర గళ్ళు స్పష్టంగా కనిపించాయి. ఆవిడ కూతుర్ని పిలిచింది.

రోజమ్మకి హిందీ ఒక్క ముక్క గుర్తు రాలేదు. తెలుగులోనే చెప్పింది.

"నాను కడిగీసేనమ్మా. మీ సెల్లెలు పంపిన నాచు నీళ్ళల్లో ఏసి కడిగీసేను. కరిగిపోనాది. అదే మళ్ళీ పోసి ఎండబెట్టేను. ఆ సక్కగున్నవి మీయి కావు, కొన్నవి."

చేతులతో కడిగినట్టు, పోసినట్టు చూపించింది. మేడమ్‌కి మాటలు అర్థం కాకపోయినా చేతులు అర్థమయ్యాయి. ఆవిడ ముఖం పాలిపోయింది. తల్లికి కొరియాలో రెండు మాటలు చెప్పి, గోడవైపు తిరిగి నిలబడింది.

ముందుగదిలో బెల్లు మోగింది. ఎవరూ కదల్లేదు. మూకుడులో నూనె పొగలు కక్కుతుంటే రోజమ్మ స్టవ్ తగ్గించింది.

పెద్దావిడ ఒక ప్రశ్న అడిగింది. మేడమ్ గోడవైపే చూస్తూ హిందీలోకి తిప్పింది. కడిగిన నీళ్ళు ఏం చేశావని.

పారబొయ్యలేదని రోజమ్మ చెప్పింది. ఆ నీళ్ళే వాడాను, టబ్బు అడుగున ఉన్నది కూడా గుడ్డతో ఒత్తి పోశాను అంది.

పెద్దావిడ తలాడించింది. మాల్ డబ్బాకి మూత పెట్టి, వేలితో రోజమ్మ సంచీ వైపు తోసింది. చీర చెంగు పట్టి రోజమ్మని పొయ్యి వైపు తిప్పి, తను స్టూలు మీద కూర్చుని, వణికే చేత్తోనే రేకులు ఒక్కొక్కటీ అందించడం మొదలుపెట్టింది.

ఇరవై రెండు రేకులు కుదిరాయి. ఏడు పాడయ్యాయి. కూడికలో వాటిని అందరికీ ముక్కలు చేసి పెట్టారు. వంటింట్లోకి పాట వినిపించింది, మాటలు తెలియవు గాని రాగం రోజమ్మకి తెలుసు, లోపలే గొంతు కలిపింది. పెద్దావిడ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు కరకర చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలింది.  రెండో ముక్క తీసుకుంది. మేడమ్ మాత్రం ఆ సాయంత్రం రోజమ్మతో మాట్లాడలేదు. మంగళవారం దాకా మాట్లాడలేదు. బుధవారం ఉప్పు ఎక్కడ పెట్టావని అడిగింది.

పెద్దావిడ మాత్రం వెళ్ళేముందు ఒక పని అప్పజెప్పింది. వేయించడానికి తడిగా ఉన్నాయని పక్కన పెట్టిన దళసరి రేకులు అయిదు మిగిలాయి. వాటిని బాగా ఎండబెట్టి, పోయిన చెల్లెలి కూతురికి పోస్టులో పంపమంది. వాళ్ళమ్మ చేతి నాచు ఆ పిల్ల ఇంట్లో కూడా అయిపోయిందట. అడ్రసు మేడమ్ చేత కొరియాలోనూ ఇంగ్లీషులోనూ రాయించి ఇచ్చింది. రోజమ్మ రెండు చేతులతో తీసుకుంది, వారంలో పంపుతానంది.

అట్టముక్కల మధ్య ఆ అయిదు రేకులూ పెట్టిన కవరు ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది, పైన అడ్రసు అంటించి ఉంది. తీసుకెళ్ళి పోస్టులో వేసేస్తానని ఫెలిక్స్ మూడుసార్లు అడిగాడు, చెయ్యి మీద కొట్టింది. రోజూ పొద్దున్నే విప్పి, ఒకటి తీసి, స్టీలు పళ్ళెంలో వేసి చెవి పెట్టి వింటుంది. వానాకాలం వచ్చేసింది, నాలుగు రోజులుగా ఆకాశం తెరిపివ్వలేదు.

"ఇంకొక్కెండ" అని మళ్ళీ కవర్లో పెట్టేస్తుంది.